సెకండ్ హ్యాండ్ చిన్న కారు కొనేముందు బాడీ ఎలా చూసుకోవాలి? మన జిల్లాల వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం చుట్టుపక్కల పాత ఆల్టో, వ్యాగనార్, శాంత్రో, ఐ10, ఇండికా, స్విఫ్ట్ లాంటి చిన్న కార్లు కొనేవాళ్ళు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. ఇంజిన్ గురించి కొనకముందు అడుగుతారు. బాడీ గురించి మాత్రం కొన్నాక, మొదటి వర్షాకాలంలో కాళ్ళ కింద మ్యాట్ తడిశాక అడుగుతారు. అప్పటికి చేయగలిగింది తక్కువ. అందుకే ఆ ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. మీరు ఏ దశలో ఉంటే అక్కడి నుంచి చదువుకోండి.

## చూడడానికి వెళ్ళకముందు

ఇంజిన్ బాగుంటే చాలదా? బాడీని అంతగా చూడాలా?

పదేళ్ళు దాటిన చిన్న కారులో నేను ముందు చూసేది బాడీనే. ఇంజిన్ పొగ కొడితే బోరు చేయించుకోవచ్చు, క్లచ్ పోతే కొత్తది వేయించుకోవచ్చు. బాడీకి అలాంటి వీలు లేదు. లారీకి ఉన్నట్టు ఈ కార్లకి కింద విడిగా ఫ్రేము ఉండదు. రేకులన్నీ కలిపి వెల్డింగ్ చేసిన డబ్బానే బండి బరువంతా మోస్తుంది. ఇంజిన్, సస్పెన్షన్, సీటు బెల్టు అన్నీ ఆ రేకులకే బిగించి ఉంటాయి. ఆ రేకు కుళ్ళినా, గుద్దుకుని వంగినా బండి బలం పోయినట్టే. పైగా 15 ఏళ్ళు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి బండిని తనిఖీకి చూపించాలి. చిల్లులు పడ్డ బాడీతో అక్కడికి వెళ్తే టెన్షన్ తప్పదు.

ఫోన్‌లో ముందుగా ఏం అడగాలి?

"యాక్సిడెంట్ అయిందా?" అని అడిగితే అందరూ లేదనే అంటారు. అలా కాకుండా "ఏయే ప్యానెళ్ళకి మళ్ళీ పెయింట్ వేయించారు?" అని అడగండి. ప్యానెల్ అంటే డోరు, బానెట్ లాంటి ఒక్కో రేకు భాగం. ఈ ప్రశ్నకి అవును, కాదు అని తప్పించుకోవడం కష్టం. బండి ఎక్కువకాలం ఏ ఊళ్ళో ఉంది, షెడ్డులో పెట్టేవారా బయట పెట్టేవారా, ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఎప్పుడైనా వాడారా అని కూడా అడగండి. చెప్పినవి రాసిపెట్టుకోండి. బండి దగ్గరికి వెళ్ళాక వాటిలో ఒక్కటి తప్పని తేలినా మిగతావన్నీ అనుమానంగానే చూడాలి.

ఏ టైముకి వెళ్తే మంచిది?

పొద్దున్న ఎనిమిది నుంచి పది మధ్య. ఏటవాలు ఎండలో సొట్టలు, రంగు తేడాలు తెలిసిపోతాయి. మిట్టమధ్యాహ్నం బండి తళతళలాడి కళ్ళు చెదురుతాయి. సాయంత్రం ట్యూబ్‌లైటు కింద అన్ని రంగులూ ఒకేలా ఉంటాయి. చలికాలంలో మంచుకి రేకంతా తడిసి ఉంటుంది కాబట్టి ఆరేదాకా ఆగండి. తడి బండిని చూడొద్దు. నీటి పొర గీతల్ని, మాసిన పెయింట్‌నీ కప్పేస్తుంది. మీరు వెళ్ళేసరికి అప్పుడే కడిగి పెట్టి ఉంటే టీ తాగి వస్తామని చెప్పి, ఆరాక చూడండి.

వెంట ఏం తీసుకెళ్ళాలి?

మంచి టార్చిలైటు, ఫ్రిజ్‌కి అతికించే చిన్న అయస్కాంతం, మెత్తటి గుడ్డ ముక్క, కింద పడుకుని చూడడానికి పాత దుప్పటి. ఫోన్ ఎలాగూ ఉంటుంది. చెయ్యి పట్టని సందుల్లోకి ఫోన్ పెట్టి వీడియో తీసి చూసుకోవచ్చు.

మెకానిక్‌ని తీసుకెళ్తున్నాను, సరిపోతుందా?

ఇంజిన్‌కి సరిపోతుంది. బాడీకి మాత్రం టింకరింగ్ పనిచేసే మనిషిని తీసుకెళ్ళండి. రోజూ సుత్తి పట్టి సొట్టలు తీసేవాడికి, పుట్టీ పెట్టి రుద్దేవాడికి ఇంకొకరి పని ఎక్కడ దాగుందో చూడగానే తెలిసిపోతుంది. సగం రోజు కూలి ఇచ్చినా దండగ కాదు. ఒక్క షరతు, అతను బండి అమ్మేవాళ్ళకి గానీ బ్రోకర్‌కి గానీ తెలిసినవాడు కాకూడదు.

సముద్రం దగ్గర ఊళ్ళో తిరిగిన బండి అంటే వద్దనుకోవాలా?

వద్దనుకోనక్కర్లేదు గానీ రెట్టింపు జాగ్రత్తగా చూడాలి. శ్రీకాకుళం జిల్లాకి సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు, విజయనగరం జిల్లాలో చింతపల్లి, కోనాడ వైపు గాలిలోనే ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు రేకు మీద పేరుకుని తేమని పట్టి ఉంచుతుంది. ఉప్పు తేమలో ఇనుము తుప్పు పట్టడం మామూలు నీటిలో కన్నా చాలా వేగంగా జరుగుతుంది. పైన పెయింట్ ఉన్నంతవరకూ పర్వాలేదు. పెయింట్ లేచిన చోట, బోల్టు రంధ్రాల్లో, రెండు రేకులు కలిసే అతుకుల్లో, గాలి తగలని మూలల్లో మొదలవుతుంది.

అదే బొబ్బిలి, రాజాం వైపు తిరిగిన బండికి ఈ బాధ తక్కువ. ఒకే మోడల్, ఒకే ఏడాది, ఒకే ధరకి రెండు బండ్లు దొరికితే నేనైతే లోపలి ఊరి బండే తీసుకోమంటాను. తీరంలో ఉన్నా షెడ్డులో పెట్టి, వారం వారం అడుగు భాగం మంచినీళ్ళతో కడిగించిన బండ్లు కూడా ఉన్నాయి. అలాంటి యజమాని దొరికితే వదులుకోవద్దు.

## బండి చుట్టూ తిరిగేటప్పుడు

ముందు ఎక్కడ చూడాలి?

దగ్గరికి వెళ్ళకండి. పది అడుగుల దూరంలో నిలబడి ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి చూడండి. బండి ఒక పక్కకి వాలి ఉందా, హెడ్‌లైట్లు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా, ఒకటి పసుపు తిరిగి ఇంకోటి కొత్తగా మెరుస్తోందా గమనించండి. ఒక లైటు కొత్తదైతే ఆ మూలకి దెబ్బ తగిలి ఉండొచ్చు. తర్వాత వెనక మూల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, కన్ను రేకుకి దగ్గరగా పెట్టి, బండి పొడవునా ముందుకి చూడండి. దాంట్లో కనపడే చెట్టు నీడో, కరెంటు తీగ నీడో తిన్నగా సాగాలి. ఎక్కడైనా వణికినట్టు వంకర తిరిగితే అక్కడ పుట్టీ పని జరిగింది.

మళ్ళీ పెయింట్ వేశారని మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది?

పెయింట్ వేసినవాడు ప్యానెల్ మధ్యలో తప్పు చేయడు, అంచుల్లో దొరికిపోతాడు. డోరు రబ్బరు బీడింగ్‌ని వేలితో కొంచెం ఎత్తి చూడండి. కింద రంగు గీత గీసినట్టు ఆగిపోయి, రెండో రంగు మొదలైతే అది టేపు అంటించి వేసిన పెయింట్. బీడింగ్ మీదే సన్నటి రంగు తుంపర పడి ఉండొచ్చు. అలాగే కిటికీ రబ్బరు, డోరు హ్యాండిల్ లోపలి గుంట, పెట్రోలు మూత లోపల, చక్రం పైనున్న నల్ల ప్లాస్టిక్ కూడా చూడండి. కంపెనీలో రబ్బరు, నల్ల ప్లాస్టిక్ భాగాలు బిగించకముందే రంగు వేస్తారు కాబట్టి వాటి మీద రంగు పడే అవకాశమే లేదు.

రేకు ఉపరితలం కూడా చెబుతుంది. కంపెనీ పెయింట్‌కి బండి మొత్తం మీద ఒకే రకమైన సన్నటి గరుకు ఉంటుంది. ఒక డోరు మాత్రం అద్దంలా నున్నగా ఉన్నా, బత్తాయి తొక్కలా ముతకగా ఉన్నా అది తర్వాత వేసినదే. పెయింట్ లోపల ఇరుక్కున్న దుమ్ము రేణువులు, పురుగు కాళ్ళు కూడా బయట షెడ్డు పని గుర్తులే. సిల్వర్, గ్రే లాంటి మెటాలిక్ రంగుల్లో ఎదురుగా చూస్తే కలిసిపోయిన షేడు ఏటవాలుగా చూస్తే విడిపోతుంది.

అయస్కాంతం పరీక్ష నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుంది, కానీ కొంతవరకే. గీతలు పడకుండా అయస్కాంతానికి గుడ్డ చుట్టి రేకు మీద జరుపుకుంటూ వెళ్ళండి. మందంగా పుట్టీ ఉన్నచోట పట్టు వదిలేస్తుంది. పలచగా పెట్టిన పుట్టీని ఇది పట్టుకోలేదు. బంపర్లు ప్లాస్టిక్ కాబట్టి వాటికి అంటదు, దానికి కంగారు పడక్కర్లేదు. ఎడమ డోరు మీద ఒక చోట ఎలా పట్టిందో కుడి డోరు మీద అదే చోట అలాగే పట్టాలి. ఈ పోలిక ముఖ్యం. డోర్ల కింది అంచు, వెనక చక్రాల చుట్టూ ఉన్న వంపు, డోర్ల కింద పొడవునా ఉండే రన్నింగ్ బోర్డు, ఈ మూడుచోట్లా తప్పకుండా చూడండి. మన దగ్గర తుప్పు చిల్లుల్ని పుట్టీతో పూడ్చేది ఎక్కువగా అక్కడే.

పెయింట్ మందం కొలిచే మీటర్ కొనాలా?

ఒక్క బండి కోసం అక్కర్లేదు, ఎవరి దగ్గరైనా అరువు దొరికితే వాడండి. కంపెనీ పెయింట్ సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 200 దాటితే మళ్ళీ పెయింట్ పడిందనుకోవచ్చు. 500 దాటిందంటే కింద పుట్టీ ఉన్నట్టే. ఒక్క అంకె చూసి నిర్ణయానికి రావద్దు. రూఫ్ మీద ఎంత ఉందో ముందు కొలిచి, మిగతా ప్యానెళ్ళని దాంతో పోల్చండి.

డోర్ల మధ్య సందులు ఎంత తేడా ఉంటే అనుమానించాలి?

కొలత కన్నా పోలిక చూడండి. ఎడమ ముందు డోరుకీ ఫెండర్‌కీ (ముందు చక్రం పైనుండే రేకు) మధ్య మీ చిటికెన వేలి గోరు ఎంతవరకు దూరుతుందో, కుడివైపూ అంతే దూరాలి. సందు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటే డోరు వాలింది. పాత బండికి డ్రైవర్ డోరు కాస్త వాలడం మామూలే, కీలు అరిగి ఉంటుంది. బానెట్‌కి ఒక పక్క సందు మూసుకుపోయి ఇంకో పక్క తెరుచుకుంటే మాత్రం ముందు భాగం పక్కకి జరిగి ఉండొచ్చు. అప్పుడు బానెట్ ఎత్తి లోపల వెతకాలి.

"బంపర్ ఒక్కటే మార్చాం" అంటున్నారు. నమ్మొచ్చా?

నమ్మొచ్చు, కానీ బంపర్ వెనక ఏముందో చూశాకే. మన ఊళ్ళలో బంపర్‌కి గేదె తగిలినా, గేటు తగిలినా మారుస్తారు. అది తప్పేం కాదు. బానెట్ ఎత్తి రేడియేటర్ ముందుండే అడ్డ పట్టీని పై నుంచి టార్చి వేసి చూడండి. అది తిన్నగా, పాత మురికితో, కంపెనీ రంగులో ఉంటే దెబ్బ బంపర్ దగ్గరే ఆగింది. కొత్తగా నల్ల పెయింట్ కొట్టి ఉన్నా, సుత్తి దెబ్బల గుంటలు ఉన్నా దెబ్బ లోపలికి వెళ్ళింది.

పెయింట్ మీద చిన్న చిన్న బుడగలు ఉన్నాయి. పాలిష్ పట్టిస్తే పోతాయా?

పోవు. అవి తుప్పు బుడగలైతే రేకు లోపలివైపు నుంచి తినుకుంటూ వచ్చి పెయింట్‌ని పైకి లేపింది. మీకు బయట శనగగింజంత కనిపిస్తే లోపల అరచేయంత ఉండొచ్చు. బొటనవేలితో గట్టిగా నొక్కండి. కరకరమన్నా, లోపలికి దిగినా అక్కడ రేకు లేదు. బానెట్ మీదో, రూఫ్ మీదో ఎండకి పైపొర తెల్లగా పొలుసులు లేవడం వేరే సంగతి, అది పెయింట్ ఖర్చు మాత్రమే.

అద్దాల మీద ఒక్కోదానికి ఒక్కో పేరు ఉంది. అది దెబ్బ తగిలినట్టేనా?

ప్రతి అద్దం మూలన తయారీదారు పేరు, కొన్ని అంకెలు, చుక్కలు అచ్చువేసి ఉంటాయి. పక్క అద్దాలన్నిటి మీదా సాధారణంగా ఒకే పేరు ఉండాలి. ముందు అద్దం ఒక్కటే వేరుగా ఉంటే రాయి తగిలి మార్చి ఉండొచ్చు, జాతీయ రహదారి 16 మీద లారీల వెనక తిరిగే బండ్లకి అది మామూలే. ఒక పక్క డోరు అద్దం, దాని వెనక చిన్న అద్దం రెండూ వేరైతే ఆ పక్క నుంచి ఏదో గుద్దింది.

రూఫ్ కూడా చూడాలా?

మన జిల్లాల్లో తప్పకుండా చూడాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరులో గులాబ్. పదేళ్ళలోపే మూడు తుఫాన్లు ఈ తీరం మీద పడ్డాయి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి తోటలే నేలకూలాయి. ఆ రాత్రుల్లో చెట్ల కింద, రేకుల షెడ్ల కింద ఉన్న కార్లు ఏమయ్యాయో ఆలోచించండి. వాటిలో చాలా వాటిని బాగుచేయించి ఇప్పటికీ నడుపుతున్నారు.

డోరు తెరిచి గడప మీద నిలబడి రూఫ్‌ని కంటి ఎత్తులో పొడవునా చూడండి. అరచేత్తో తడిమితే కంటికి కనపడని పల్లాలు చేతికి తగులుతాయి. తర్వాత లోపల కూర్చుని సీలింగ్ గుడ్డని నొక్కి చూడండి. కొత్తగా అతికించి ఉంటే, లైటు చుట్టూ ముడతలు ఉంటే సొట్ట తీయడానికి దాన్ని విప్పారన్నమాట. చిన్న సొట్టకి భయం లేదు. రూఫ్ రేకునే కోసి వేరేది అతికించిన బండి మాత్రం వద్దు. పైన రెండు అంచుల్లో నీరు పారే సన్నటి కాలువ ఉంటుంది, అందులో నీళ్ళు దిగకుండా అతుకుల్లో కంపెనీ పూసే మసాలా పగిలి తుప్పు గోధుమరంగులో దిగుతోందేమో కూడా చూడండి.

చిన్న గీతలు, పార్కింగ్ సొట్టలు?

పట్టించుకోవద్దు. పదేళ్ళ బండి మీద గీతలు లేకపోతేనే ఆలోచించాలి.

## బానెట్, డోర్లు, డిక్కీ తెరిచాక

బోల్టులు చూడమంటారు. వాటిలో ఏం తెలుస్తుంది?

ఫెండర్లు, బానెట్, డోర్లు, డిక్కీ డోరు బోల్టులతో బిగించినవే. చాలా బండ్లలో బోల్టు బిగించాకే రంగు పడుతుంది, అందుకే దాని తల మీద కూడా బాడీ రంగే చెక్కుచెదరకుండా ఉంటుంది. ఒక్కసారి స్పానర్ పెట్టి తిప్పితే మూలల్లో రంగు చిట్లి ఇనుము కనపడుతుంది. బానెట్ కీలు బోల్టుల్ని టార్చి వేసి చూడండి. ఆరు మూలల్లో రెండు మూడు చోట్ల తెల్లగా గీసుకుపోయి, వాషర్ పాత గుర్తు మీద కాకుండా కాస్త పక్కకి జరిగి ఉంటే ఆ బానెట్ విప్పి మళ్ళీ పెట్టారు. ఎందుకు విప్పారని అడగండి. జవాబు వెంటనే వస్తే, ముందు చెప్పినదానితో సరిపోతే మంచిదే.

బానెట్ కింద బాడీకి సంబంధించి ఏవి చూడాలి?

మూడు. ముందు అడ్డ పట్టీ, రెండు పక్కల సస్పెన్షన్‌ని పట్టి ఉంచే ఏప్రన్లు, వాటి కింద ఇంజిన్‌కి అటూ ఇటూ పొడవుగా వచ్చే రెండు దూలాలు. గుద్దుకున్నప్పుడు దెబ్బని తినేది ఈ దూలాలే. వాటి మీద ముడతలు, వెల్డింగ్ గడ్డలు, గ్రైండర్ గీతలు, కొత్త పెయింట్ కనపడకూడదు. ఏప్రన్ అతుకుల్లో కంపెనీ పూసిన మసాలా సమంగా, గట్టిగా ఉంటుంది. వేలితో పూసినట్టు ఎగుడుదిగుడుగా, గోరు పెడితే దిగేలా ఉంటే ఆ అతుకు విడిపోయి మళ్ళీ కలిసింది. ఎడమవైపు ఉన్నదానికి కుడివైపున అచ్చంగా జోడీ ఉండాలి. ఏ అనుమానమొచ్చినా రెండో పక్కకి వెళ్ళి అదే చోటు చూడండి.

పిల్లర్లు కోసి అతికించారేమో ఎలా తెలుసుకోవాలి?

పిల్లర్ అంటే డోర్ల పక్కన రూఫ్‌ని మోసే నిలువు స్తంభం. డోరు తెరిచి దాని మీదున్న రబ్బరుని లాగితే ఊడి వస్తుంది, మళ్ళీ నొక్కితే కూర్చుంటుంది. అమ్మేవాళ్ళని అడిగి లాగండి. కింద రేకు అంచు వెంట గుండ్రటి చిన్న గుంటలు వరసగా కనపడాలి. అవి కంపెనీలో యంత్రం వేసిన స్పాట్ వెల్డింగ్‌లు. ఎడం దాదాపు సమంగా ఉంటుంది. వరస మధ్యలో తెగిపోయి నున్నగా ఉన్నా, గుంటల బదులు ఉబ్బెత్తు వెల్డింగ్ ఉన్నా ఆ పిల్లర్‌ని కోశారు. అలాంటి బండికి నా జవాబు ఒక్కటే, వద్దు. మళ్ళీ దెబ్బ తగిలిన రోజున లోపలున్న మనుషుల్ని కాపాడాల్సింది ఆ పిల్లరే. ధర ఎంత తగ్గించినా పిల్లల్ని ఎక్కించుకునే బండికి ఇది బేరం ఆడే విషయం కాదు.

డిక్కీలో ఏం చూడాలి? ఖాళీగానే ఉంది కదా?

కార్పెట్ ఎత్తి, స్టెప్నీ బయటికి తీసి ఆ గుంటలో టార్చి వేయండి. నన్నడిగితే బండి మొత్తంలో అబద్ధం చెప్పలేని చోటు ఇదే. వెనక నుంచి గుద్దితే గుంట గుండ్రతనం పోతుంది, అంచుల్లో ముడతలు పడతాయి. వాటిని పూర్తిగా తిన్నగా చేయడం కష్టం కాబట్టి మందంగా మసాలా పూసి వదిలేస్తారు. అడుగున నీటి గుర్తు, సన్నటి ఒండ్రు, తుప్పు పొడి ఉంటే వెనక లైట్ల రబ్బరు నుంచో, డిక్కీ బీడింగ్ నుంచో నీళ్ళు కారుతున్నాయి. గుంట అడుగున రబ్బరు బిరడా ఉంటుంది. అది తీస్తే ఆ కన్నం గుండ్రంగా, అంచు శుభ్రంగా కనపడాలి. చుట్టూ రేకు పొరలు పొరలుగా లేస్తుంటే తుప్పు ముదిరింది.

డోర్ల కింది అంచు ఎందుకు అంత ముఖ్యం?

కిటికీ అద్దం మీద పడ్డ వాన కొంత డోరు లోపలికే దిగుతుంది. అది బయటికి పోవడానికి కింది అంచులో రెండు మూడు చిన్న కన్నాలు ఉంటాయి. దుమ్ము, ఆకులు అడ్డుపడి అవి మూసుకుపోతే నీళ్ళు లోపలే నిలిచి డోరు కింద నుంచి కుళ్ళుతుంది. డోరు తెరిచి కింది అంచు అడుగున వేలు ఆనించి ఒక చివర నుంచి రెండో చివరకి లాగండి. మడత సన్నగా, నున్నగా ఉండాలి. ఉబ్బినట్టు తగిలినా, వేలికి గోధుమరంగు పొడి అంటినా లోపల పని మొదలైంది. నాలుగు డోర్లూ ఇలాగే చూడడానికి రెండు నిమిషాలు పడుతుంది.

బండి వరదలో మునిగిందా లేదా ఎలా తెలుసుకోవాలి?

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు ఎన్నో కార్లు మునిగాయి. మునిగిన బండి అక్కడే అమ్ముడుపోవాలని లేదు, దూరపు ఊళ్ళకి వస్తుంది. నాగావళి, వంశధార వరదల సంగతి మనకి తెలిసిందే. కడిగి ఆరబెట్టి సెంటు కొట్టిన బండిలో కూడా మూడు చోట్ల ఆనవాళ్ళు మిగులుతాయి. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి, చివర్లో మట్టి గీత ఉండొచ్చు. సీటు వెనక్కి జరిపి కింది పట్టాలు, బోల్టులు చూడండి, పక్కనున్న ఇనుము కన్నా ఎక్కువ తుప్పు ఉండకూడదు. కార్పెట్ మూల ఎత్తి కిందున్న దళసరి పొరని వాసన చూడండి, ముక్కిన వాసన అంత తేలిగ్గా పోదు. ఇంత పాత బండికి కార్పెట్, సీటు కవర్లు అన్నీ ఒకేసారి సరికొత్తవి వేసి ఉంటే ఎందుకో తప్పకుండా అడగండి.

సీఎన్‌జీ కిట్ ఉన్న బండికి బాడీలో ప్రత్యేకంగా చూడాల్సింది ఉందా?

బయట బిగించిన కిట్ అయితే సిలిండర్ కోసం డిక్కీ నేలకి రంధ్రాలు వేసి ఉంటారు. ఆ రంధ్రాల చుట్టూ రంగు పోయి తుప్పు మొదలవుతుంది. సిలిండర్ బరువుకి నేల కుంగిందేమో కూడా చూడండి. కిట్ సంగతి ఆర్‌సీలో ఎక్కించి ఉండాలి.

## కింద నుంచి, రోడ్డు మీద

లిఫ్ట్ మీద ఎక్కించి చూడాల్సిందేనా?

చూడాల్సిందే. ఏ వాటర్ సర్వీసింగ్ షెడ్డుకి తీసుకెళ్ళినా చిన్న మొత్తానికి ఎక్కిస్తారు. అమ్మేవాళ్ళు దానికి ఒప్పుకోకపోతే నేనైతే అక్కడితో ఆపేస్తాను. జాకీ పెట్టే చోట్లు, రన్నింగ్ బోర్డు అడుగు, వెనక సస్పెన్షన్ బాడీకి తగిలే చోటు, డ్రైవర్ కాళ్ళ కింది రేకు, వీటి మీద స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు టంగుమంటుంది, కుళ్ళిన రేకు డబ్‌మని మందంగా పలుకుతుంది.

అడుగున కొత్తగా నల్ల కోటింగ్ కొట్టించి ఉంది. మంచిదేగా?

ఎప్పుడు కొట్టించారన్నదాన్ని బట్టి. బండి కొత్తగా ఉన్నప్పుడు కొట్టించినదైతే యజమాని శ్రద్ధకి గుర్తు. దాని మీద ఏళ్ళ తరబడి బురద, రాళ్ళ దెబ్బలు కనపడతాయి. అమ్మకానికి ముందు కొట్టించినదైతే తుప్పుని కప్పడానికే కావచ్చు. టెక్కలి వైపు నుంచి వచ్చిన ఒక తెల్ల కారుని ఇలాగే చూశాం. పైన పెయింట్ ముచ్చటగా ఉంది, కింద కోటింగ్ ఇంకా వాసన పోలేదు. జాకీ పాయింట్ దగ్గర స్క్రూడ్రైవర్ పిడితో నొక్కితే కోటింగ్ సాగుతూ లోపలికి దిగింది. దాని వెనక రేకు లేదు, గుడ్డ పీలికలు కుక్కి పైన పూశారు. అందుకే మెరిసే కోటింగ్ కనపడితే తట్టడమే కాదు, నొక్కి చూడండి.

ఎంత తుప్పు ఉంటే పర్వాలేదు, ఎంత ఉంటే వద్దు?

సైలెన్సర్ మీద, బోల్టు తలల మీద, సస్పెన్షన్ కడ్డీల మీద ఎర్రటి పైతుప్పు ఏ బండికైనా ఉంటుంది. డోరుకో, ఫెండర్‌కో చిల్లు పడితే ఆ భాగం మార్చుకోవచ్చు, అంత మేరకు ధర తగ్గించమనండి. రన్నింగ్ బోర్డు, నేల రేకు, సస్పెన్షన్ బిగించిన చోటు, సీటు బెల్టు బిగించిన చోటు, పిల్లర్ మొదలు, వీటిలో ఎక్కడ రేకు పొరలుగా లేచినా బండి వదిలేయండి. అతుకు వేయించవచ్చు గానీ పక్క రేకు కూడా అప్పటికే పలచబడి ఉంటుంది, వెల్డింగ్ పట్టదు.

నడిపి చూస్తే బాడీ గురించి ఏమైనా తెలుస్తుందా?

తెలుస్తుంది. తిన్నటి, ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ పట్టు కాస్త వదులు చేస్తే బండి ఒకే పక్కకి లాగకూడదు. లాగితే ముందు టైర్లలో గాలి, అలైన్‌మెంట్ చూపించండి. అవి సరిచేసినా లాగుతుంటే, ఒక టైరు లోపలి అంచు మాత్రమే అరిగి ఉంటే ముందు భాగం వంగిందన్న అనుమానం బలపడుతుంది. అరవై దాటాక ఒకే డోరు దగ్గర గాలి ఈల వేస్తుంటే ఆ డోరు సరిగా కూర్చోలేదు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే తాళం తిప్పగానే దాని లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడో పేలి, మళ్ళీ పెట్టకుండా వదిలేశారేమో చూపించాలి.

## కాగితాలు, బేరం

యాక్సిడెంట్ సంగతి కాగితాల్లో దొరుకుతుందా?

కొంత దొరుకుతుంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బాడీ పని చేయించి ఉంటే వాళ్ళ రికార్డులో ఉంటుంది. యజమానిని వెంట తీసుకెళ్ళి అడిగించండి. పాత ఇన్సూరెన్స్ పాలసీల్లో నో క్లెయిమ్ బోనస్ చూడండి. క్లెయిమ్ లేకుండా ఏడాదులు గడిచేకొద్దీ అది 20 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది, క్లెయిమ్ తీసుకుంటే సున్నాకి వస్తుంది. అయితే ఆ బోనస్ మనిషిది, బండిది కాదు. పాత బండి మీది బోనస్ ఈ బండికి తెచ్చుకుని ఉండొచ్చు. బయట షెడ్డులో చేతి డబ్బుతో చేయించిన పని ఏ కాగితంలోనూ దొరకదు, దానికి మీ కళ్ళే ఆధారం.

ఒడిశా నెంబరు బండి తక్కువకి వస్తోంది. బాడీ విషయంలో ఏం చూడాలి?

ఇచ్ఛాపురం, పలాస వైపు ఇలాంటివి తరచూ కనిపిస్తాయి. రేకు మీద చెక్కిన ఛాసిస్ నెంబరుని మీ కళ్ళతో చూసి ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. అది ఎక్కడుంటుందన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. నెంబరు చుట్టూ గ్రైండింగ్, వెల్డింగ్, కొత్త పెయింట్ ఉంటే బేరం ఆపేయండి. అక్కడి ఆర్‌టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ కట్టాల్సిన రోడ్ ట్యాక్స్ కలుపుకుని లెక్కేస్తే తక్కువ అనుకున్నది తక్కువ కాకపోవచ్చు.

బండి రంగే మార్చేశారు. కొనొచ్చా?

ఆర్‌సీలో ఉన్న రంగు, బండి రంగు ఒకటే అయి ఉండాలి. వేరైతే మార్పు ఆర్‌సీలో ఎక్కించాకే డబ్బు ఇవ్వండి. మొత్తం పెయింట్ వేసిన బండిలో పాత దెబ్బల ఆనవాళ్ళన్నీ పైనుంచి కనపడవు కాబట్టి పిల్లర్లు, డిక్కీ గుంట, అడుగు భాగం మరింత నిదానంగా చూడాలి.

దెబ్బ తగిలిన బండి అసలు కొనకూడదా?

బోల్టుతో బిగించిన భాగానికి దెబ్బ తగిలి, సరిగా బాగుచేయించి, ఆ సంగతి దాచకుండా చెప్పిన బండిని నిశ్చింతగా కొనండి. వెల్డింగ్‌తో కలిపిన భాగానికి తగిలిన బండి జోలికి వెళ్ళకండి. ఫెండర్, డోరు, బానెట్ మొదటి రకం. దూలాలు, ఏప్రన్, పిల్లర్, రూఫ్, నేల రెండో రకం, రూఫ్ మీద ముందు చెప్పిన చిన్న సొట్ట మాత్రం ఈ లెక్కలోకి రాదు. వెనక చక్రం పైనుండే క్వార్టర్ ప్యానెల్ కూడా వెల్డింగ్‌తో కలిసినదే, దాని మీద పైపై సొట్ట తీసి ఉంటే సరే గానీ ప్యానెలే మార్చి ఉంటే ఆలోచించండి.

లోపాలు కనపడ్డాయి. ఎంత తగ్గించమని అడగాలి?

గాల్లో అంకె చెప్పకండి. ఏయే ప్యానెల్‌కి ఏం పని కావాలో రాసుకుని, మీకు తెలిసిన టింకరింగ్ షాపులో ఫోటోలు చూపించి రేటు అడగండి. ఆ కాగితం పట్టుకుని మాట్లాడితే బేరం మర్యాదగా సాగుతుంది. తుప్పు పనికి మాత్రం చెప్పిన రేటు మీద ఇంకొంత కలుపుకోండి, విప్పాక అది ఎప్పుడూ ఎక్కువే తేలుతుంది. ఇవన్నీ తేలకుండా బయానా ఇవ్వొద్దు.

మా మావయ్య వాళ్ళ తెలిసినవాళ్ళ బండి. ఇంతలా చూస్తే నొచ్చుకుంటారేమో?

ఈ మొహమాటం వల్లే ఎక్కువమంది నష్టపోవడం చూశాను. ముందే ఫోన్ చేసి "మావయ్యా, టింకరింగ్ ఆయన్ని తీసుకొస్తాను, కిందా మీదా ఓసారి చూస్తాడు, వాళ్ళకి చెప్పి ఉంచు" అనండి. ముందు చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. బండి బాగుంటే అడిగిన ధరకి బేరమాడకుండా ఇచ్చేయొచ్చు, వాళ్ళకీ సంతోషమే.

కొన్నాక బాడీ విషయంలో మొదట ఏం చేయించాలి?

అరసవల్లిలోనో పైడితల్లమ్మ గుడిలోనో పూజ అయ్యాక ముందు అడుగు భాగం మంచినీళ్ళతో బాగా కడిగించి, పూర్తిగా ఆరనివ్వండి. డోర్ల కింది కన్నాల్ని అగ్గిపుల్లతో శుభ్రం చేయండి. ముందు అద్దం కింద వైపర్ల దగ్గర పేరుకున్న ఆకులు తీసేయండి, అక్కడ అడ్డుపడ్డ నీళ్ళే లోపలికి దిగుతాయి. రంగు పోయిన చోట తుప్పు గీకి, ప్రైమర్ వేసి, టచప్ చేయించండి. అడుగున కోటింగ్ కావాలంటే ఈ పనులన్నీ అయ్యాకే, వానలు మొదలవకముందే వేయించండి. తేమ మీద కొట్టిన కోటింగ్ కింద తుప్పు ఇంకా తొందరగా పాకుతుంది.